చుక్కలేసిన పాలు

మొగుడు పగలంతా ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో నలభై ఏళ్ళ కాపురంలో గోమతికి అనుభవంలోకి రాలేదు. వచ్చాక గానీ, ఇన్నాళ్ళూ తానెంత సుఖపడిందో తెలిసిరాలేదు పాపం. సుబ్బరాయన్ నాయుడు తన కాఫీపొడి కొట్టుకి వెళ్ళడం మానేసి ఇది మూడో వారం. ఈ మూడు వారాల్లో ఆయన ఆవాల డబ్బాని పొయ్యికి కుడిపక్క నుంచి ఎడమపక్కకి మార్చాడు. కొబ్బరి తురుముతుంటే పక్కన నిలబడి, చిప్ప దాకా గీకొద్దన్నాడు. సాంబారు దించబోతే ఇంకో రెండు ఉడుకులు రానివ్వమన్నాడు. ఒకరోజైతే పప్పుల డబ్బాలన్నీ వంటింటి నేల మీద వరసగా పెట్టి, ఏ పప్పు ఎప్పుడు కొన్నదో చెప్పమని పీట వేసుకుని కూర్చున్నాడు. ఇల్లు పీకి పందిరేశాడంటే నమ్మండి.

"ఏంగ, చేతులు ఊరుకోకపోతే పోయి మల్లెచెట్టుకి నీళ్ళు పొయ్యండి," అంది గోమతి.

"పోసేసినాను."

"ఇంకోసారి పొయ్యండి."

"వేరు కుళ్ళిపోతుంది. చెట్ల సంగతి నీకేం తెలుసు," అన్నాడాయన సాంబారు గిన్నె మూత తీసి వాసన చూస్తూ.

గోమతికి ఒళ్ళు మండింది. గరిట తీసుకుని ఆయన వేళ్ళ మీద ఒకటి వేద్దామా అనిపించింది కూడా. కానీ ఏం చేస్తుంది? ఆ ముఖం చూస్తే జాలేసేది. మర ఆగిపోయిన కొట్టులా ఉండేవాడు మనిషి. ఏ పనీ లేక వంటింట్లో తిరుగుతున్నాడే గానీ, ఆయన మనసంతా కీళవాసల్ సందులోని కొట్టులోనే ఉందని ఆమెకి తెలుసు.

ఆ కొట్టు, ఈ తమిళ ఊళ్ళో స్థిరపడ్డ సుబ్బరాయన్ తాత పెట్టింది. బోడినాయకనూరు మీది కొండతోటల నుంచి గింజలు తెప్పించి, వేయించి, మరలో ఆడించి, చికోరీ అనే వేరు పొడి కలిపి అమ్ముతారు. ఒక మూటకీ ఇంకో మూటకీ గింజ మారుతుంది, వానాకాలానికీ ఎండాకాలానికీ వేపుడు మారుతుంది. అందుకని ఏ రోజు పాళ్ళు ఆ రోజే తేల్చాలి. అది తేల్చడానికి తాత నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే కొట్టు తెరవగానే డికాక్షన్ దించి, పాలు కలిపి, ఆ టంబ్లర్ని వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని, ఇంటి పెద్ద దాన్ని పూర్తిగా తాగాలి. చక్కెర వెయ్యకూడదు, వేస్తే పొడి గుణం నాలుకకి అందదు. ఇంట్లో కూడా వాళ్ళకి చక్కెర లేని కాఫీయే అలవాటు. తాగిన మనిషి చికోరీ కాస్త తగ్గించమనో, పీబెర్రీ గింజలు ఇంకో చారెడు వెయ్యమనో చెప్పి, చివరికి "సరి" అనాలి. అప్పుడే మర తిరుగుతుంది, అప్పుడే బోణీ. దాన్ని వాళ్ళు బోణీ కాఫీ అంటారు.

ఆ బోణీ కాఫీయే ఆయన కొంప ముంచింది. ఆరేడు నెలలుగా టంబ్లర్ ఖాళీ చేసిన కాసేపటికల్లా కడుపు ఉబ్బడం, గుడగుడమనడం, ఆ తర్వాత పరుగు. కొట్టులో వసతి లేదు. పక్కనున్న లాడ్జికి పరిగెత్తేవాడు. చివరికి లాడ్జి వాళ్ళు నాయుడుగారి ముఖం చూడగానే మాట్లాడకుండా కింది గది తాళంచెవి అందించే స్థితి వచ్చింది. డాక్టరు అన్నీ చూసి, వయసు మీద పడ్డాక కొందరికి పాలలో ఉండే చక్కెర అరగదనీ, పెరుగు పరవాలేదు గానీ పాలు మానెయ్యాలనీ చెప్పాడు.

"అయితే పాలు లేకుండా తాగండి నాయినా," అన్నాడు కొడుకు ఆనంద్‌కుమార్.

"వరకాప్పి చావింట్లో ఇచ్చేది రా! దాన్ని తీసుకుపోయి స్వామి ముందర పెట్టేదా?"

"పోనీ నోట్లో పోసుకుని, రుచి చూసి ఉమ్మెయ్యండి మామా," అంది కోడలు త్రిష.

"స్వామికి పెట్టినదాన్ని ఉమ్మేదా?" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఇక చేసేదేముంది, బోణీ కాఫీ ఆనంద్‌కుమార్ తాగసాగాడు. మంచి పిల్లవాడే, లెక్కల్లో దిట్ట, నాలుకకి మాత్రం వేడి, చల్లన తప్ప మూడోది తెలియదు. ఏ రోజైనా ఒకే పాళ్ళు చెప్పేవాడు. ఒకనాడు పొడి చప్పగా, ఒకనాడు ఘాటుగా వచ్చింది. కొనేవాళ్ళు సణిగారు. దాంతో వాడికి ఒక ఆలోచన పుట్టింది. కోయంబత్తూరులో ఒక కంపెనీ అన్నీ కలిపి, పొట్లాలు కట్టి పంపుతుందట. వేయించే పని లేదు, ఆడించే పని లేదు, తాగి చూసే పని అసలే లేదు. తాత నాటి మర తీసేసి ఆ చోట అద్దాల బీరువా పెట్టొచ్చు. వచ్చే సోమవారం కంపెనీ మనిషి మాట్లాడడానికి వస్తున్నాడు.

ఈ మాట సుబ్బరాయన్ విన్నాడు. సరేలే అని లోపలికి వెళ్ళి ఆవాల డబ్బా మళ్ళీ ఎడమపక్కకే మార్చాడు. గోమతి అది చూసింది. ఈ మనిషిని ఎలాగైనా మళ్ళీ ఆ పటం ముందు నిలబెట్టాలనుకుంది. ఆయన కోసమూ అనుకుంది, తన వంటింటి కోసమూ అనుకుంది. రెండింటిలో ఏది ఎక్కువని అడిగితే చెప్పలేదు.

త్రిష ఒక కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంది. అత్తగారి గోడు విని, ఒకరోజు పొద్దున బస్సుకి పరిగెత్తే ముందు చిన్న సీసా ఒకటి ఆమె చేతిలో పెట్టింది. సీసా మీద నవ్వుతున్న పసిపాప బొమ్మ.

"ఏమే, ఇది చంటిపిల్లల మందు కదా?"

"పిల్లలకీ అదే, మామకీ అదే అత్తా. పాలల్లో ఒక చక్కెర ఉండాది చూడండి, అది మామ కడుపులో అరగలే. ఈ చుక్కలేస్తే, అరిగించే పని ఇది పాలల్లోనే చేసి పెట్టేస్తుంది. ఇంక కడుపుకి కష్టం ఉండదు."

"అంత సులభమా?"

"అంతే. లీటరుకి అయిదారు చుక్కలు. వేసి ఫ్రిజ్‌లో ఒక రోజు పూర్తిగా పెట్టెయ్యండి. రేపు ఇదే వేళకి తీసుకోండి," అంటూ త్రిష మెట్లు దిగేసింది.

గోమతి పాలు పొయ్యి మీద పెట్టింది. ఆమె వంటింట్లో పచ్చిపాలు ఏనాడూ నిలవ ఉన్నది లేదు. పాలు గడప దాటి వస్తే ముందు కాగాలి, తర్వాతే మిగతా సంగతులు. అత్తగారు నేర్పింది అదీ. పైగా పాలలో ఏది వెయ్యాలన్నా పొంగు వచ్చేటప్పుడే వెయ్యడం ఆమెకి అలవాటు. దగ్గుకి మిరియాల పొడి అయినా, పండగకి ఏలకులైనా, పొంగు మీద వేస్తేనే పాలకి బాగా పడుతుంది. అందుకని పాలు బుసబుసా పైకి లేస్తున్నప్పుడు, స్వామిని తలుచుకుని, సీసా వంచి ఆరు చుక్కలు వేసింది. చెప్పినదాని కంటే ఒకటి ఎక్కువే వేద్దామా అని కూడా అనుకుంది. చల్లారాక తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది.

మర్నాడు సుబ్బరాయన్ తలంటుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నామం పెట్టుకుని, ఆ పాలు స్టీలు సొంబులో పోయించుకుని, పెళ్ళికొడుకులా కొట్టుకి బయల్దేరాడు. వీధి చివరిదాకా గోమతి చూస్తూనే ఉంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఆవాల డబ్బా తన చోట తాను పెట్టుకుని, పీట మీద కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ హాయి ఎంతసేపు? ఇడ్లీ రెండో వాయి దించకముందే ఆటో వచ్చి ఆగింది. నాయుడుగారు పొట్ట పట్టుకుని దిగాడు.

"లాడ్జిలో తాళంచెవి ఉన్నిందా?" అంది గోమతి, అడగకుండా ఉండలేక.

"ఉన్నింది," అని ఆయన గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. "అందరి ముందరా పరువు పోయింది. కందసామి అక్కడే నిలబడి ఉన్నాడు. చుక్కలు లేవు, మందు లేదు. ఇంక ఆ పాల సంగతి నా దగ్గర ఎత్తొద్దు."

కందసామి టీకొట్టు నడుపుతాడు. రోజూ నాయుడి దగ్గరే కాఫీపొడి కొంటాడు. ఆయన నోట పడితే ఆ సంగతి సాయంకాలానికల్లా వీధంతా తెలిసినట్టే. గోమతి రోజంతా కోడలి మీద పళ్ళు కొరుకుతూ కూర్చుంది. త్రిష వచ్చీ రాగానే సీసా ముందు పెట్టింది.

"నీ చదువుని తీసుకుపోయి బావిలో పడెయ్యి. చూస్తివా నీ మామ పాట్లు?"

త్రిష సీసా చూసింది, పాలగిన్నె చూసింది. "ఎప్పుడేసినారు అత్తా చుక్కలు?"

"పొంగు వచ్చేటప్పుడు."

"ఐయ్యయ్యో!" త్రిష నెత్తి కొట్టుకుంది. "అంత వేడికి అది చచ్చిపోతుంది కదా!"

"చచ్చేదానికి అది ఏమన్నా ప్రాణం ఉండేదా?"

"ప్రాణం లే. కానీ..."

"ప్రాణం లేనిది ఎట్ల చస్తుంది? సరిగ్గా చెప్పు. నీ దగ్గర చదివే పిల్లలకి కూడా ఇట్లే చెప్తావా?"

"వేడి తగిలితే అది పని చెయ్యదు అత్తా. అంతే. మామకి మీరు ఇచ్చింది వట్టి మామూలు పాలు. కాచండి, బాగా చల్లారనీండి, వేలు పెడితే చల్లగా తగలాల. అప్పుడెయ్యండి."

గోమతి పాలగిన్నె వంక చూసింది. అంటే మొగుణ్ణి తలంటి, ముస్తాబు చేసి, తన చేతులతోనే లాడ్జి గదికి సాగనంపిందన్నమాట. నవ్వొచ్చింది, వెంటనే బాధేసింది, మళ్ళీ నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది.

ఆ సాయంత్రమే మళ్ళీ పాలు కాచింది. చల్లార్చింది. వేలు పెట్టి చూసింది. ఇంకా గోరువెచ్చగా ఉన్నాయనిపించి గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టింది. మళ్ళీ వేలు పెట్టింది. చల్లగా తగిలాక చుక్కలు వేసి, చెంచాతో తిప్పి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెనక, ఎవరి చెయ్యీ తగలని చోట పెట్టింది. మరి ఈసారి పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? తను తాగి చూస్తే లాభం లేదు. ఆమె కడుపు రాళ్ళు వేసినా అరిగించుకునే కడుపు.

"తియ్యబడతాయి అత్తా," అంది త్రిష. "ఆ పెద్ద చక్కెర రెండు చిన్న చక్కెరలవుతుంది. అవి నాలుకకి ఎక్కువ తీపి. రేపు చూడండి."

గోమతి నమ్మలేదు. మర్నాడు సాయంత్రం మామూలు పాలు ఒక చెంచా, ఈ పాలు ఒక చెంచా నాలుక మీద వేసుకుంది. తేడా తెలిసింది. గరిటెడు చక్కెర కలిపినట్టు కాదు గానీ, పసిపిల్లలకి కలిపి ఇచ్చే పాలంత తీపిగా ఉన్నాయి. మళ్ళీ చూసింది. అదే తీపి. "అడి నా తల్లీ! నిజమే చెప్పినావే!" అని కోడలి బుగ్గ గిల్లింది.

సుబ్బరాయన్ని ఒప్పించడం వేరే కథ. మాటలతో లాభం లేదని గోమతికి తెలుసు. ఆయన హాల్లో పేపరు పట్టుకుని ఉండగా, చిక్కటి డికాక్షన్ దించి, ఆ పాలు వెచ్చచేసి కలిపి, దవరాలోంచి టంబ్లర్లోకి, టంబ్లర్లోంచి దవరాలోకి, నురగ లేచేదాకా ఎత్తి ఎత్తి పోసింది, సరిగ్గా ఆయన వెనక నిలబడి. వాసనకి పేపరు కిందికి దిగింది.

"ఏమిటది?"

"మీకు కాదు. నాకు."

ఆయన పేపరు మడిచాడు. "ఒక గుక్క చూస్తాను."

చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "చక్కెరేసినావు."

"వెయ్యలే."

"నా నాలుకకి చెప్తావా? వేసినావు."

"మీ మీద ఒట్టు. అది పాల తీపి. పని అయిందని గుర్తు అంట." జరిగినదంతా గోమతి చెప్పేసింది. పొంగు మీద వేసిన సంగతి కూడా చెప్పింది. ఆయన మండిపడతాడనుకుంటే, ఫక్కున నవ్వేశాడు. నవ్వుతూనే టంబ్లర్ ఖాళీ చేశాడు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ కదలలేదు. త్రిష పుస్తకం తెరిచి కూర్చుంది గానీ పేజీ తిప్పలేదు. ఆనంద్‌కుమార్ మాటిమాటికీ తండ్రి పొట్ట వైపు చూశాడు. ఆయన ఒకసారి లేచి నిలబడితే ముగ్గురూ లేచి నిలబడ్డారు. "ఫ్యాన్ ఎక్కువ చేద్దామని లేచినాను, సుమ్మా కూర్చోండి," అన్నాడాయన. రాత్రి భోజనం అయింది. గుడగుడ లేదు, ఉబ్బరం లేదు. మర్నాడు పొద్దునా తాగాడు, ఏమీ కాలేదు. గోమతి స్వామికి దీపం పెట్టి, పనిలో పనిగా ఆ సీసాకీ పసుపు బొట్టు పెట్టింది.

సుబ్బరాయన్ మళ్ళీ సొంబు పట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. ఈసారి మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చి, పొద్దున పటం ముందు నిలబడి మొత్తం తాగాననీ, ఆనంద్ పాళ్ళు మరీ చప్పగా ఉన్నాయనీ, చికోరీ పెంచి వేపుడు ముదరబెట్టించాననీ ఉత్సాహంగా చెప్పాడు. గోమతి రెండు గరిటెలు నెయ్యి ఎక్కువ వడ్డించింది. ఇల్లు ఆమెకి తిరిగి దక్కింది, కొట్టు ఆయనకి తిరిగి దక్కింది. అంతా బాగుందనుకుంది.

బాగుంటే ఇంకేం! మర్నాడు పొద్దున కందసామి పొడి డబ్బా తెచ్చి గల్లా మీద ఠంగుమని పెట్టాడు. "ఎన్న నాయుడు, ఇదు కాప్పియా, కషాయమా?" అన్నాడట. ఆయన వెనకే ఇంకో ఇద్దరు. పొడి చేదు, గొంతులో దిగడం లేదు, వేరే ఇవ్వండి అని. నాయుడు కొట్టు పుట్టాక పొడి వాపసు రావడం అదే మొదటిసారి.

సుబ్బరాయన్ ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నా నాలుక పోయింది గోమతీ," అన్నాడు. "నాకు బాగుందనిపించింది లోకానికి విషంగా ఉండాది. ఇంక నేను తాగి చెప్పేదేముంది. సోమవారం కంపెనీ వాణ్ణి రానీ. మర తీసేస్తే తీసెయ్యనీ."

కడుపు బాధలో కూడా ఆ గొంతు అలా లేదు. గోమతికి ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే ఆమెకి కోపం కూడా వస్తుంది. నాలుక పోవడమేమిటి? ఏ పెళ్ళిలో కాఫీ తాగినా అది ఎవరి కొట్టు పొడో, డికాక్షన్ ఎన్నోసారి దించిందో చెప్పే మనిషి. మొన్న ఆ పాలు ఒక్క గుక్క తాగి చక్కెరేశావని పట్టుకున్నది ఈ నాలుకే కదా! అది పోయిందంటే ఆమె ఒప్పుకోదు.

చక్కెర అన్న మాట దగ్గర ఆమె ఆగింది. ఆగి, వాపసొచ్చిన డబ్బా తీసుకుని వంటింట్లోకి పోయింది.

ఆ పొడితోనే డికాక్షన్ దించింది. రెండు టంబ్లర్లలో సమంగా పోసింది. ఒకదాంట్లో మామూలు పాలు, ఒకదాంట్లో చుక్కలేసిన పాలు. మామూలు పాలది నోట్లో పోసుకుని ముఖం చిట్లించింది. కందసామి కషాయమన్నది తప్పు కాదు. నోరు పుక్కిలించి రెండోది తాగింది. కమ్మగా ఉంది. ఇన్నేళ్ళుగా పొద్దున్నే తాను తాగే కాఫీ అచ్చం అలాగే ఉంటుంది.

రెండు టంబ్లర్లూ పట్టుకుని మంచం దగ్గరికి పరిగెత్తింది.

"లేవండి! మీ నాలుకకి ఏం రోగం లే. ఈ పాల తీపికి సరిపోయేటట్టు మీరు చేదు పెంచినారు. మీ టంబ్లర్లో అది సరిగ్గానే ఉన్నింది. ఊర్లో వాళ్ళకి ఈ పాలు లేవు, అందుకని వాళ్ళకి చేదైంది."

ఆయన లేచి కూర్చుని, రెండో టంబ్లర్ ఒక గుక్క తాగాడు. మొదటిది వాసన చూశాడు, పెదవికి తగిలించాడు, దించాడు. ముఖంలోకి కొంచెం రక్తం వచ్చింది, కానీ వెంటనే పోయింది.

"నువ్వు చెప్పింది నిజమే. అయితే మాత్రం ఏం లాభం? వాళ్ళ పాలు నేను తాగలేను. నా పాలు తాగి వాళ్ళ కాఫీ ఎట్ల చెప్పేది?"

"వాళ్ళ పాలు నేను తాగుతా."

"నువ్వా? ఎక్కడ?"

"ఎక్కడేమిటి, కడలోనే, మీ కొట్టులోనే. స్వామి ముందర మీ టంబ్లర్ ఒకటి, నా టంబ్లర్ ఒకటి పెట్టండి. మీరు తాగేది మీరు తాగండి. నాది నేను తాగుతా."

"మా అమ్మ ఏనాడన్నా కడలో కూర్చునిందా?"

"మీ అమ్మ కూర్చోలే. మీ నాయనకి పాలు అరిగినాయి కదా, ఇంక ఆమెకేం పని?"

సుబ్బరాయన్ మంచం దిగాడు. "నీకు పాళ్ళు ఏం తెలుసు? పీబెర్రీ ఏది, చికోరీ ఏది?"

"తెలియదు. ఇది మన కాఫీ, ఇది మన కాఫీ కాదు, అంతవరకు తెలుసు. కాదంటే ఎందుకు కాదో మీరు కనుక్కోండి. అది మీ పని."

 ఆయన చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించి, ఇస్త్రీ చొక్కా ఉందా అని అడిగాడు.

సోమవారం పొద్దున గోమతి సుంగుడి చీర కట్టుకుని, ఒక చేతిలో మామూలు పాల సొంబు, ఇంకో చేతిలో చుక్కలేసిన పాల సొంబు పట్టుకుని కొట్టు మెట్టెక్కింది. సరస్వతీపూజ రోజు తప్ప ఆమె అక్కడ అడుగుపెట్టింది లేదు. మర తిప్పే పళనిసామి ఆమెని చూసి, స్టూలు తుడిచి వేశాడు. ఆనంద్‌కుమార్ గల్లా దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. కంపెనీ మనిషి బయల్దేరే ముందు ఫోను చేస్తానన్నాడట. కందసామి మాత్రం అప్పుడే వచ్చి, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, ఈరోజు ఏం ఆట చూపిస్తారో చూద్దామన్నట్టు నిలబడ్డాడు.

రెండు టంబ్లర్లూ స్వామి ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. సుబ్బరాయన్ తనది తాగాడు. కళ్ళు మూసుకుని తెరిచాడు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఎట్ల ఉండాది గోమతీ?"

గోమతి చెయ్యి టంబ్లర్ మీదే ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా ఈ మనిషికి పొద్దునా సాయంత్రమూ కాఫీ కలిపి ఇచ్చింది. బాగుందన్నాడు, బాగాలేదన్నాడు, నీళ్ళెక్కువైనాయన్నాడు. నీకెట్లుందని మాత్రం ఏనాడూ అడగలేదు. ఇప్పుడు పదిమందిలో, చేతులు కట్టుకుని, బడిపిల్లవాడిలా ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.  ఆమె టంబ్లర్ ఎత్తి ఒక గుక్క తాగింది.

"చేదు," అంది. "మన కాఫీ కాదు."

పళనిసామి బిత్తరపోయాడు. నాయుడి ముఖం మీద అంత మాట ఎవరూ అని ఎరుగడు. నాయుడు మాత్రం తల ఊపాడు. "ముందర చేదా, మింగినాక చేదా?"

"మింగినాక."

"అయితే చికోరీ. పళనిసామీ, ఒక చారెడు తగ్గించు. వేపుడు అదే ఉండనీ."

మళ్ళీ డికాక్షన్ దిగేదాకా అందరూ కూర్చున్నారు. కందసామి కూడా కూర్చున్నాడు, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. ఈలోగా ఆనంద్‌కుమార్ ఫోను మోగింది. వాడు తండ్రిని చూశాడు, తల్లి ముందు పెడుతున్న కొత్త టంబ్లర్ని చూశాడు, ఫోను తీసి, "సార్, కొంచం పొరుంగ," అని ఆ మనిషిని లైన్లో ఆగమన్నాడు.

గోమతి తాగింది. మొదటి గుక్క నాలుక మీద పడగానే తెలిసిపోయింది. అదే, తన ఇంటి కాఫీ. పెళ్ళయి ఈ ఊరికొచ్చిన మొదటి పొద్దున అత్తగారు చేతికిచ్చిన కాఫీ.

అందరూ ఆమెనే చూస్తున్నారు. పళనిసామి చెయ్యి మర స్విచ్చి మీద ఉంది. ఆనంద్‌కుమార్ ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. సుబ్బరాయన్ ఒక అడుగు ముందుకేశాడు. "ఇప్పుడెట్ల ఉండాది?" అన్నాడు మెల్లగా.

ఇన్నేళ్ళు ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగారు కదా, ఒక నిమిషం ఆగితే ఏం పోతుంది? గోమతి స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. తీరిగ్గా ఇంకో గుక్క తాగింది. కొంగుతో పెదవులు తుడుచుకుంది. మొగుడి ముఖంలోకి చూసి, నవ్వు ఆపుకుంటూ, "సరి," అంది.

మర తిరిగింది.